రెండు వందల పద్నాలుగో గూడు

నూట ఎనభై ఆరో లైటు మీట నొక్కాడు సారయ్య. వెలిగింది. ఆర్పి మళ్లీ నొక్కాడు. బొటనవేలితో గాజు తుడిచి, ఎదురుగోడ మీద పడిన తెల్లటి చుక్కను కళ్లు చికిలించి చూశాడు. మూడోసారి కూడా నొక్కాక గానీ దాన్ని గూట్లో పెట్టలేదు.

ఒక్కో లైటుకు మూడుసార్లు. మూడు వందల పన్నెండు లైట్లు. అందరూ ఒక్కసారి చూసి వదిలేసే పని కోసం అతను రోజూ గంట ముందు డ్యూటీకి వచ్చేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు.

భూపాలపల్లి బొగ్గుబాయి మీద ల్యాంపు రూము అంటే ఓ పొడుగాటి గది. మూడు గోడలకూ ఇనుప గూళ్లు, నాలుగో గోడకు జాలీ బిగించిన కిటికీ. కిందికి దిగేవాడు ఆ కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు. సారయ్య బిళ్లను బోర్డుకు తగిలించి, అదే నంబరు టోపీ లైటు అందిస్తాడు. పైకొచ్చినవాడు లైటు ఇచ్చేసి బిళ్ల తీసుకుపోతాడు. బోర్డు మీద బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. చివరి బిళ్ల దిగేదాకా, లేదా తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి తాళంచెవులు తీసుకునేదాకా, ల్యాంపు రూము వాడు కదలకూడదు.

సారయ్యకు యాభై ఎనిమిదేళ్లు. ఎడమ మోకాలు వంగదు. వయసులో ఉండగా బొగ్గు మోసే టబ్బు బండి తగిలింది. అప్పుడు పైకి తెచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు. చేతివేళ్ల మీద పాతకాలం బ్యాటరీల యాసిడ్ కాల్చిన మచ్చలు చింతగింజల్లా మిగిలాయి. వరుసగా గూళ్లు చూస్తూ వచ్చి, రెండు వందల పదమూడు అయ్యాక అలవాటుగా ఓ గూడు వదిలి రెండు వందల పదిహేనుకు పోయాడు.

వదిలిన గూట్లో లైటు లేదు. ఆ నంబరు తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గూటి లోపల, చెయ్యి పెడితే తప్ప కనపడని చోట, ఓ తగరపు బీడీల డబ్బా ఉంది.

ఆరుంబావుకు వరుస మొదలైంది.

"కాకా, పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవేంది లైటును? ఇయ్యరాదు!"

"కింద ఆరిపోతే నీ పెండ్లాం నన్నే అడుగుతది. నోరు మూసుకొని నిలబడు."

వరుసలో నవ్వులు. బిళ్లలు జాలీ సందులోంచి టకటకా లోపలికొచ్చాయి. సుభాష్ వంతు వచ్చింది. ముప్పై ఏళ్ల బలమైన మనిషి, మరిపెడ దగ్గర తండావాడు. బిళ్ల ఇచ్చి, లైటు టోపీకి తగిలించుకుంటూ మామూలుగానే అన్నాడు.

"కాకా, మా చిన్నమ్మ ఇయ్యాల వస్తది. వాళ్ల పిల్ల సుమన పెండ్లి కుదిరింది గదా, బుధవారం. బాయి మీదోళ్లకు కార్డులిస్తదట. నిన్ను తప్పక చూడాలన్నది."

సారయ్య చేతిలోని బిళ్ల కింద పడింది. కాంక్రీటు నేల మీద గుండ్రంగా తిరిగి, గోడ మూలకు పోయి ఆగింది.

"ఏ చిన్నమ్మ?" అని అడిగాడు. అడగాల్సిన పని లేదు.

"కమ్లీ చిన్నమ్మ. ధన్‌సింగ్ బాబాయి భార్య."

*

సైరన్ మోగింది. మనుషులు దిగిపోయారు. బోర్డు నిండా బిళ్లలు, గదిలో సారయ్య ఒక్కడు.

పద్దెనిమిదేళ్ల కింద అచ్చం ఇలాంటి పొద్దున్నే ధన్‌సింగ్ లైటు తీసుకుని మళ్లీ కిటికీ దగ్గరికొచ్చాడు. "అన్నా, గిది జర గుడ్డిగ ఉన్నది." వెనకాల నలభై మంది వరుస. "ఇయ్యాల్టికి నడుపు, రేపు మారుస్త" అన్నాడు సారయ్య. ధన్‌సింగ్ ఆ లైటే టోపీకి తగిలించుకున్నాడు. "పెన్సిలన్న ఇయ్యి" అని నవ్వాడు. బయట బెంచీ మీద కూర్చుని, సైరన్ మోగేదాకా మోకాలి మీద కాగితం పెట్టుకుని ఏదో రాశాడు. రాసింది మడిచి బీడీల డబ్బాలో పెట్టాడు, దాంతోపాటు పెన్సిల్ కూడా. కిందికి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకుపోకూడదు గనక చాలామంది ఆ డబ్బాలు సారయ్యకే ఇచ్చి దిగేవారు. "పైలం అన్నా" అని అందించి ధన్‌సింగ్ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బాయి లోపల పైకప్పు బండ జారింది. రెండు వందల పద్నాలుగో బిళ్ల ఆ సాయంత్రం బోర్డు మీదే ఉండిపోయింది.

ఆ రాత్రి డబ్బా తెరిచాడు సారయ్య. మూడు లైన్లు, నాలుగో లైనులో ఒక్క మాట. అక్షరాలు తెలుగువే, మాటలు మాత్రం లంబాడీ భాషవి. చదవగలడు, అర్థం తెలియదు. కూరగాయల బండి పెట్టుకున్న లంబాడీ మనిషి సక్రిని పాలకూర బేరమాడుతూ మాటకో మాటగా అడిగాడు. 'దీవో' అంటే దీపమట. 'అంధారో' అంటే చీకటట. 'బాపు' అంటే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మూడు మాటలతో అర్థం తనే కట్టుకున్నాడు: నా లైటు చీకటి చేశారు, నా పిల్లకు తండ్రి లేకుండా పోతాడు. తనకు తెలియకూడదనే వాళ్ల భాషలో రాసి, పోలీసులకో ఆఫీసరుకో దొరకాలనే తన చేతికే ఇచ్చిపోయాడనుకున్నాడు.

మూడో రోజు కమ్లీ వచ్చింది. చంకలో ఆరేళ్ల పిల్ల. "అన్నా, ఆయన నీకేమన్న ఇచ్చిపోయిండా? ఓ కాయితం?"

"లేదు చెల్లె" అన్నాడు సారయ్య.

ఆ ఒక్క మాట దగ్గర అతని బతుకు ఆగిపోయింది.

బండ పడటానికీ లైటుకూ సంబంధం లేదని విచారణలో తేల్చారు. అతను నమ్మలేదు. ఓసారి ధైర్యం చేసి కాగితాన్ని తండా నుంచి వచ్చిన ఓ గనివాడికి చూపించాడు. వాడు మొదటి లైను పెదవులతో చదివి, ముఖం మాడ్చుకుని, కాగితం మడిచి చేతిలో పెట్టాడు. "గిది ఎక్కడిది కాకా? నా నోటితోని పలుకొద్దు. కీడు." మళ్లీ ఆ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడలేదు. సారయ్యకు ఇక అనుమానం మిగల్లేదు. అది శాపమే.

మరోసారి, బాయి మూసే ఆదివారం నాడు, సొంతూరు తరిగొప్పులకు పోతూ జనగామలో దిగి, పేరున్న ఓ తెలుగు పంతులుకు చూపించాడు. ఆయన కళ్లజోడు పైకి తోసి, భాష తెలియకపోయినా వెనక్కి తగ్గలేదు. "దీపం ఆత్మ, చీకటి మాయ, బాపు పరమాత్మ. గొప్ప తత్వం నాయనా!" అని అరగంట చెప్పాడు. ఆయన చెప్పిందే నిజమైతే బాగుండునని బస్సులో దారంతా అనుకున్నాడు సారయ్య. ఇంటికి చేరేసరికి ఆ ఆశ కూడా పోయింది.

కాల్చేద్దామంటే ల్యాంపు రూములో నిప్పు ఉండదు. ఇంటికి తీసుకుపోతే భార్య కనకలక్ష్మి చూస్తుంది. కాళేశ్వరం పోయినప్పుడు గోదాట్లో వదులుదామని మొలలోతు నీళ్లలో నిలబడ్డాడు. పిడికిలి విప్పుకోలేదు. తడిసిన బట్టలతో తిరిగొచ్చాడు, డబ్బా మళ్లీ గూట్లోకే చేరింది.

స్టోరులో కూర్చునే పని ఇస్తామన్నారు, వద్దన్నాడు. తరిగొప్పుల పోయి చెల్లెలి ఇంటి పక్కనే ఇల్లు వేసుకుందామని కనకలక్ష్మి ఏటేటా అడిగింది, పోనీ అనలేదు. గూళ్లు సర్దేది పొద్దుటి షిఫ్టువాడే; సెలవు పెడితే ఆ పని వేరేవాడు చేస్తాడు, డబ్బా బయటపడుతుంది. ఒక్క రోజు కూడా పెట్టలేదు. బాయి మీద అతనికి కష్టజీవి అని పేరొచ్చింది. ఓసారి శాలువా కప్పారు.

*

పది గంటలకు రెండో షిఫ్టు మనిషి సోమనర్సయ్యకు ఫోన్ చేశాడు.

"జర తొందరగ రారాదు. పాణం మంచిగ లేదు."

"నీకు పాణం బాగలేకపోవుడేంది? పద్దెనిమిదేండ్ల సంది తుమ్మినోనివి కాదు!" అవతల నవ్వు. "నేను రేగొండల ఉన్న. మూడింటికే వస్త. అటెండెన్సు ఆఫీసుల చెప్పి పో."

అటెండెన్సు ఆఫీసు క్లర్కు తల కూడా ఎత్తలేదు. "కింద మూడొందల మంది ఉన్నరు. తాళంచెవులు ఎవరికిస్తవ్? నాకా?"

సారయ్య తిరిగొచ్చి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. కనకలక్ష్మి పెట్టిచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు అలాగే ఉన్నాయి. ఎవరో చెప్పేశారు. ఆ గనివాడే కావచ్చు. సక్రి కావచ్చు. కార్డు ఉత్త నెపం. అందరి ముందు అడుగుతుంది. రెండేళ్లలో రిటైరుమెంటు. శాలువా కప్పినవాళ్లే ముఖాన ఉమ్మేస్తారు.

రెండు వందల పద్నాలుగో గూట్లో చెయ్యి పెట్టాడు. డబ్బా చల్లగా తగిలింది. మూత మీద చిలక బొమ్మ, రెక్క దగ్గర రంగు పోయి తుప్పు. తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ తీసి గూట్లో పెట్టాడు. మరుగుదొడ్డి వైపు రెండుసార్లు పోయి వచ్చాడు. కాగితాన్ని చింపి నీళ్లు పోస్తే ఓ నిమిషం పని. కానీ ఆ మూడు లైన్లూ అతనికి నోటికొచ్చు. వాటిని ఎక్కడ చింపాలి?

రెండున్నరకు జాలీ అవతల నీడ పడింది.

"సారయ్యన్నా. యాదికున్ననా?"

కమ్లీ ముఖం ఎండకు నల్లబడింది. జుట్టు ముందు భాగం తెల్లగా. మిరప తోటల్లో కూలి చేసిన వేళ్లు చివర్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. చంకలో సంచీ, అందులో పసుపు పూసిన కార్డులు. పక్కన ఎవరూ లేరు.

"యాదికున్నవ్ చెల్లె" అన్నాడు.

"సుభాష్ బాయిల నుంచి పైకెక్కినంక పోదమని కూసున్న. గీ లోపట నీకు కార్డిద్దమని వచ్చిన." జాలీ కింది సందులోంచి కార్డు తోసింది. "ఆయన రోజు నీ పేరు చెప్పేటోడు. సారయ్యన్న మంచోడు, నా డబ్బా పైలంగ ఉంచుతడు అనేటోడు. వదినను తోల్కొని రావాలె. తప్పకుంట."

అంతే. ఇంకేమీ లేదు. సారయ్య ఆమె కళ్లలోకి చూశాడు. అక్కడ వల లేదు, అనుమానం లేదు. ఆమెకు ఏమీ తెలియదు.

ఊపిరి ఒక్కసారిగా వదిలాడు. బయటపడ్డాడు. కార్డు తీసుకుని, సరే అంటే చాలు. ఆమె బెంచీ మీద కూర్చుంటుంది, సుభాష్ వస్తాడు, బస్సెక్కుతుంది. రెండేళ్లు గడిస్తే తనూ ఈ గది వదిలేస్తాడు.

"పిల్ల మంచిగున్నదా?" అని అడిగాడు. ఏదో ఒకటి అనాలి గనక.

"మంచిగున్నది. టీచరు ట్రైనింగు అయిపోయింది. ఒక్కటే లోటన్నా." కమ్లీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా దాంట్ల పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఏడుపు పాట పాడుతది. ఎవలింటి పాట వాళ్లది. నాది మా అమ్మోళ్ల పాట, అది ఈ ఇంటి పిల్లకు చెల్లదు. మా అత్త పాట కావాలె. ఆమె నాకు నేర్పకముందే పోయింది. ఆయన తన చెల్లె పెండ్లిల విన్నడు. ఒక్కో ముక్క యాదికి తెచ్చుకొని కాయితం మీద పెడ్తున్న అన్నడు, సుమనకు పనికొస్తదని. అంగీలు, పెట్టె, గడ్డివాము అన్ని దులిపిన. దొరకలే."

ఆమె సంచీ సర్దుకుంది. "పిల్ల ఉత్తగనే పోతది ఇగ." బెంచీ వైపు తిరిగింది.

నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు వేసేలోగా సారయ్య నోరు అతన్ని అడగకుండానే తెరుచుకుంది.

"కమ్లీ. జర ఆగు చెల్లె."

*

డబ్బా కిటికీ అరుగు మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసింది. చిలక బొమ్మను వేలితో తాకింది. ఎవరిదని అడగలేదు.

సుభాష్ అప్పుడే పైకొచ్చాడు. ముఖం నిండా బొగ్గు, చేతిలో లైటు. కమ్లీ డబ్బా మూత తీసి, లోపలి కాగితం విప్పి అతనికి అందించింది. "చదువు. నాకు అక్షరాలు రావు."

సుభాష్ ఒక చూపు చూసి వెనక్కి జరిగాడు. "చిన్నమ్మా, గిది ఢావ్లో. ఆడోళ్ల ఏడుపు. మొగోని నోట్ల పలుకుతే ఆ ఇంటికి కీడు. నేను చదవ."

సారయ్యకు గుర్తొచ్చాడు, కాగితం మడిచి ఇచ్చి పోయిన ఆ గనివాడు. ముఖం మాడ్చుకున్నది శాపం చూసి కాదు.

కమ్లీ కాగితాన్ని జాలీ సందులోంచి లోపలికి తోసింది. "నువ్వు చదువన్నా. మా కట్టుబాటు నీకంటదు."

కాగితం వైపు చూడాల్సిన అవసరం అతనికి లేదు. మొదటి లైను పలికాడు. పద్దెనిమిదేళ్లలో ఆ మాటల్ని బయటకు అనడం అదే మొదలు. కమ్లీ కళ్లు మూసుకుంది. తెలుగులో మెల్లగా చెప్పింది, తనకు తాను చెప్పుకున్నట్టు.

"బాపూ, నువ్వు ముట్టించిన దీపం నీ గడప లోపట్నే ఉండనీ."

రెండో లైను.

"నేను పోయే తొవ్వ చీకటి. ఆ చీకటి నాదే."

సారయ్య మూడో లైను ఎత్తుకున్నాడు. పెదవులు తడుపుకుని పూర్తి చేశాడు.

"దీపాన్ని తిట్టకు బాపూ. అది నా వెంట రాలేదని తిట్టకు."

తర్వాత ఒక్క మాట. "బాపూ." అంతే, అక్కడ సైరన్ మోగి ఉంటుంది.

పైకొచ్చినవాళ్లు వరుస కట్టారు. ఎవరూ లైటు ఇవ్వలేదు, బిళ్ల అడగలేదు. సారయ్య జాలీ పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లె, ఆ పొద్దు ఆయన లైటు గుడ్డిగ ఉన్నదన్నడు. నేను మార్చలే. గిది నా మీద రాసిండనుకున్న. అందుకే..."

"బండ పడ్డది" అంది కమ్లీ. "లైటు ధగధగ వెలిగినా పడేది. గది నీకెవ్వరు చెప్పలేదా?"

"చెప్పిన్రు."

"మరి?"

సారయ్య జాలీ మీది చేతులు దించాడు.

"లైటు సంగతి నేను నిన్ను ఎన్నడు అనుకోలేదన్నా. గిప్పుడు గూడ అనుకోను." ఆమె గొంతు పెరగలేదు. "కాని మూడో రోజు వచ్చి అడిగిన. పిల్లను సంకనేసుకొని గిదే కిటికి కాడ నిలబడ్డ. లేదంటివి. మా అత్త గొంతును, మా ఆయన చేతిరాతను గీ డబ్బాల పెట్టి తాళమేసినవ్. మాది మాకియ్యనీకి నీకేం అడ్డమొచ్చె?"

చచ్చినవాడి చేతిరాతలో లేని శాపం బతికున్న మనిషి నోట వినపడింది. తను చేయని తప్పుకు పద్దెనిమిదేళ్లు శిక్ష వేసుకున్నాడు. చేసిన తప్పు ఇదిగో, ఇప్పుడే ముందుకొచ్చి నిలబడింది.

కమ్లీ సందులోంచి కాగితాన్ని వెనక్కి తీసుకుని జాకెట్టులో దాచుకుంది. డబ్బాను లోపలికి తోసింది. "గిది నువ్వే ఉంచుకో. నీకలవాటైంది."

"నాలుగోది లేదు కదా చిన్నమ్మా" అన్నాడు సుభాష్.

"ఉండదు. ఎవల పిల్ల అయినా ఆఖరి లైను ఏడ్చుకుంట తనే కట్టుకుంటది." రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. "కార్డిచ్చిన. తిరిగి తీసుకోను. రమ్మని మాత్రం మళ్ల అననన్నా."

*

మూడింటికి సోమనర్సయ్య వచ్చేసరికి సారయ్య లైట్లన్నీ గూళ్లలో పెట్టి, బోర్డు తుడిచి, తాళంచెవులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రేపటి సంది సెలవు పెడుతున్న. పెద్దసారుకు కాయితం రాసి పెట్టిన" అన్నాడు.

"నీకా? సెలవా?" సోమనర్సయ్య పగలబడి నవ్వాడు. "ఎన్ని రోజులు?"

"జమ ఉన్నన్ని రోజులు."

సోమనర్సయ్య నవ్వు సగంలో ఆగింది. సారయ్య టిఫిను డబ్బా సంచీలో వేసుకుని, వంగని కాలిని ఈడ్చుకుంటూ గేటు దాటిపోయాడు. పోతూ పోతూ ఏ లైటునూ మూడోసారి చూడలేదు.

గురువారం సుభాష్ డ్యూటీకి వచ్చి కిటికీ దగ్గర కబురు చెప్పాడు. తండా బయట, కంకరరోడ్డు మీద, ట్రాక్టరు వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడట. లోపలికి రమ్మంటే చేత్తోనే వద్దన్నాడు. సుమన, తల్లి మెడ పట్టుకుని, పాట ఎత్తుకున్నంతసేపూ తల వంచుకుని విన్నాడు. పాట అయ్యాక చూస్తే లేడు.

"నాలుగోది ఏం కట్టిందిరా పిల్ల?" అని ఆత్రంగా అడిగాడు, సారయ్య బదులు కూర్చుని సంగతంతా విన్న సోమనర్సయ్య.

సుభాష్ బిళ్ల అందించాడు. "ఆడోళ్ల పాట. మనం పలుకొద్దు."

నెల తిరక్కుండానే తరిగొప్పుల పోస్టాఫీసు ముద్రతో సారయ్య రాజీనామా కాగితం వచ్చింది. ల్యాంపు రూముకు కొత్త మనిషిని వేశారు. అతను లైట్లు ఒక్కసారే చూస్తాడు, త్వరగా పంచుతాడు, వరుస ఆగదు. రెండు వందల పద్నాలుగో గూట్లో మాత్రం రంగుపోయిన చిలక బొమ్మ డబ్బా ఒకటి మూత తీసి ఉంది. అందులో కాగితం లేదు. గోటి పొడవు పెన్సిల్ ముక్క ఒకటి, వెనక కొస మీద పంటిగాట్లతో, ఇంకా రాయడానికి పనికొచ్చేలాగే ఉంది.